డాబా మీద వెదర్ స్టేషన్, గదిలో గాలి మీటరు: ఎక్కడ పెట్టాలి, ఎలా చదవాలి

మే నెల, మధ్యాహ్నం రెండున్నర. మా డాబా మీది వెదర్ స్టేషన్ 47 డిగ్రీలు చూపిస్తోంది. టీవీలో మాత్రం హైదరాబాద్ 41 అంటున్నారు. మా ఏరియా ఎండ అంటే ఇదీ అని చుట్టాలందరికీ స్క్రీన్‌షాట్ పంపేశాను. సాయంత్రం పైకెక్కి చూస్తే అసలు సంగతి తెలిసింది. సెన్సర్‌ని నల్ల నీళ్ల ట్యాంకుకి జానెడు దూరంలో కట్టాను. అది కొలిచింది మా ట్యాంకు సెగని.

డాబా మీద ఎండ, వాన, గాలి వేగం కొలిచే వెదర్ స్టేషన్, గదిలో గాలి ఎంత శుభ్రంగా ఉందో చెప్పే గాలి మీటరు, ఈ రెండిటితో వచ్చే చిక్కులు చాలావరకు ఇలాంటివే. వస్తువు బాగానే ఉంటుంది, పెట్టిన చోటు తప్పు. లేదా అంకె సరిగ్గానే ఉంటుంది, మనం చదవడం తప్పు. అందుకే ఏ కంపెనీది కొనాలన్న చర్చ ఇక్కడ పెద్దగా ఉండదు. నాది హైదరాబాద్ కాబట్టి ఉదాహరణలు ఇక్కడివే ఇస్తాను, కోస్తాలో లెక్క మారే చోట ఆ మాట చెబుతాను.

కొనేముందు

అమెరికాలో ఉన్న తమ్ముడో బావగారో వస్తూ తెస్తానంటే ముందు ఒక్క ప్రశ్న అడగండి: అది ఎన్ని మెగాహెర్ట్జ్‌ది? బయటి సెన్సర్ తన రీడింగులని ఇంట్లోని డిస్‌ప్లేకి రేడియో తరంగాలతో పంపుతుంది. అక్కడ అమ్మేవి ఎక్కువగా 915 మెగాహెర్ట్జ్‌వి. మన దేశంలో అది లైసెన్స్ లేకుండా వాడుకునే బ్యాండ్ కాదు. 433 మెగాహెర్ట్జ్ మోడల్ తెప్పించుకోవడం మేలు. తర్వాత విడిగా ఇంకో సెన్సర్ కొన్నా ఇదే చూసుకోవాలి. డిస్‌ప్లే ఒక బ్యాండు, సెన్సర్ ఒక బ్యాండు అయితే ఆ రెండూ ఎప్పటికీ మాట్లాడుకోవు.

గాలి మీటరు విషయంలో చూడాల్సింది సీఓ2ని, అంటే కార్బన్ డయాక్సైడ్‌ని, ఎలా కొలుస్తుందన్నది. వివరాల్లో ఎన్‌డీఐఆర్ అనో ఫోటో అకూస్టిక్ అనో ఉంటే అది నిజంగా సీఓ2నే కొలుస్తుంది. ఈసీఓ2 అని ఉంటే అది వేరే వాయువులని చూసి వేసే అంచనా మాత్రమే. అలాంటి మీటరు ఉన్న వంటింట్లో పోపు పెట్టినా, హాల్లో ఫినాయిల్‌తో తుడిచినా సీఓ2 పెరిగిపోయిందని గోల చేస్తుంది. చవగ్గా దొరికేవి చాలావరకు ఇవే.

పీఎం 2.5 అంటే 2.5 మైక్రాన్లు, అంతకన్నా సన్నటి ధూళి. దాన్ని ఇంటి మీటర్లు లేజర్ వెలుగుతో పట్టుకుంటాయి, ఫరవాలేదు. పక్కనే పీఎం 10 అని ఇంకో అంకె కూడా చూపిస్తాయి కానీ దాన్ని నమ్ముకోకండి. ఈ చిన్న సెన్సర్లు ముతక దుమ్ముని తక్కువగా లెక్కిస్తాయి. పక్క ప్లాటులో బిల్డింగ్ కట్టేటప్పుడు కళ్లలో ఇసుక పడుతున్నా పీఎం 10 పెద్దగా కదలదు.

మొదటి రెండు రోజులు బల్ల మీదే

పెట్టె విప్పగానే నిచ్చెన వెతకడం అందరం చేసే పనే. రెండు రోజులు ఆగండి. లోపలి సెన్సరు, బయటి సెన్సరు, గాలి మీటరు, అన్నిటినీ ఫ్యాన్ గాలి, ఎండ తగలని బల్ల మీద పక్కపక్కన పెట్టండి. ఉష్ణోగ్రతలో ఒక డిగ్రీ లోపు, తేమలో 5 శాతం లోపు తేడా ఉంటే సరిపోతుంది. ఎంత తేడా వచ్చిందో కాగితం మీద రాసుకోండి. చాలా యాప్‌లలో కాలిబ్రేషన్ అనే చోట ఆ తేడాని కలపడమో తీసేయడమో చేయొచ్చు. ఈ పని ముందే చేసుకుంటే, రేపు లోపలికీ బయటికీ మధ్య వచ్చిన తేడా వాతావరణానిదా, సెన్సర్లదా అన్న అనుమానం ఉండదు.

తేమ సరిగ్గా చూపిస్తోందా అన్నదానికి వంటింట్లోనే పరీక్ష ఉంది. ఒక సీసా మూతలో ఉప్పు వేసి, తడి ఇసుకలా అయ్యేంత వరకే నీళ్లు చిలకరించండి. ఉప్పు కరిగిపోకూడదు. ఆ మూతనీ, తేమ సెన్సర్‌నీ ఒకదానికొకటి తగలకుండా జిప్ కవర్‌లో పెట్టి మూసి, ఒక రాత్రంతా వదిలేయండి. తెల్లారేసరికి 75 శాతం దగ్గర ఉండాలి. ఎక్కడ చేసినా 75 దగ్గరే ఉంటుంది, అది ఉప్పు స్వభావం. 70 చూపిస్తే మీ సెన్సర్ 5 తక్కువ చెబుతోందని అర్థం. ఈ పరీక్ష మామూలు తేమ సెన్సర్లకే. లోపల ఫ్యాన్ తిరిగే గాలి మీటర్లని ఉప్పుతో కలిపి మూసేయకండి.

వైఫై గురించి ఎక్కువ చెప్పడానికేం లేదు. ఇలాంటివి దాదాపు అన్నీ 2.4 గిగాహెర్ట్జ్ మీదే పనిచేస్తాయి. ఫోన్ 5 గిగాహెర్ట్జ్‌లో ఉండగా కలపబోతే ఎంతకీ కలవదు. రౌటర్‌లో రెండు బ్యాండ్లకీ వేరే వేరే పేర్లు పెట్టి, ఫోన్‌ని 2.4కి మార్చి, అప్పుడు కలపండి. యూనిట్లు కూడా అప్పుడే మార్చేయండి: వేడికి సెల్సియస్, వానకి మిల్లీమీటర్, గాలి పీడనానికి హెక్టోపాస్కల్, గాలి వేగానికి గంటకి కిలోమీటర్లు.

బయట బిగించడం

ఉష్ణోగ్రత సెన్సర్ కొలవాల్సింది నీడలోని గాలిని. వాతావరణ శాఖ అబ్జర్వేటరీల్లో థర్మామీటర్లు తెల్లటి చెక్క పెట్టెలో, రెక్కల తలుపుల వెనక, నేలకి 1.25 మీటర్ల నుంచి 2 మీటర్ల ఎత్తులో ఉంటాయి. మీ స్టేషన్‌కి ఉన్న తెల్లటి ప్లాస్టిక్ పళ్లేల దొంతర ఆ పెట్టెకి చిన్న తమ్ముడు. ఎండని ఆపాలి, గాలిని ఆడనివ్వాలి.

డాబా మీద పెడితే స్లాబు నుంచి కనీసం ఐదారు అడుగుల ఎత్తున పైపుకి కట్టండి. మే నెల స్లాబు పెనంలా కాలుతుంది, దానికి దగ్గరగా పిట్టగోడకి కడితే రెండు మూడు డిగ్రీలు ఎక్కువే చూపిస్తుంది. నీళ్ల ట్యాంకు, ఏసీ అవుట్‌డోర్ యూనిట్, వంటింటి ఎగ్జాస్ట్, ఈ మూడింటికీ దూరంగా ఉండాలి. అపార్ట్‌మెంట్‌లో డాబా మీద చోటివ్వకపోతే బాల్కనీయే గతి. అక్కడ రాత్రి రీడింగు కాస్త ఎక్కువగా ఉంటుంది, పగలంతా వేడెక్కిన గోడ రాత్రికి ఆ వేడిని వదులుతుంది కదా. కింది ఫ్లాట్ వాళ్ల ఏసీ యూనిట్ మీ బాల్కనీ కిందే ఉందేమో కూడా చూసుకోండి.

విదేశీ గైడ్లన్నీ ఉత్తరం వైపు గోడకి పెట్టమంటాయి, అక్కడ ఎప్పుడూ నీడే అని. మనకి అది పూర్తిగా కుదరదు. హైదరాబాద్‌లో మే రెండో వారం మొదలు ఆగస్టు మొదటి వారం దాకా మిట్టమధ్యాహ్నం సూర్యుడు నడినెత్తి దాటి కొంచెం ఉత్తరానికి వెళ్తాడు. అంటే సరిగ్గా రోహిణి కార్తెలో ఉత్తరం గోడకి ఎండ తగులుతుంది. పైన సన్‌షేడ్ ఉంటే ఉత్తరం గోడ మంచిదే, లేకపోతే ఆ పళ్లేల దొంతర మీదే భారం.

వాన కొలిచే గిన్నె లోపల, పార్కులో పిల్లలు ఎక్కి ఊగే సీ-సా బల్ల లాంటి చిన్న తొట్టె ఉంటుంది. నిండగానే ఒరిగిపోతుంది, ఒరిగిన ప్రతిసారీ ఒక లెక్క. మోడల్‌ని బట్టి ఒక్కో ఒరుగుకి 0.2 లేదా 0.25 మిల్లీమీటర్లు. కాబట్టి గిన్నె సమతలంగా ఉండాలి, స్పిరిట్ లెవెల్ పెట్టి చూడండి. పైపు గాలికి ఊగితే తొట్టె వానలేకుండానే ఒరుగుతుంది, నీలాకాశంలో జల్లు పడిందని యాప్ చెబుతుంది. పక్కన గోడో ట్యాంకో ఉంటే గిన్నె మీద నుంచి అది ఎంత ఎత్తుందో, దానికి రెండింతల దూరం జరగండి.

లెక్క సరిగ్గా ఉందో లేదో మీరే చూడొచ్చు. గిన్నె నోరు ఎన్ని సెంటీమీటర్ల వెడల్పో కొలవండి. సగం చేసి, దాన్ని దాంతోనే గుణించి, మళ్లీ 3.14తో గుణిస్తే వచ్చేది, 10 మిల్లీమీటర్ల వానకి పట్టే నీళ్లు, మిల్లీలీటర్లలో. 16 సెంటీమీటర్ల గిన్నెకి 200 మిల్లీలీటర్లు. ఆ నీళ్లని సీసాలో పోసి, మూతకి సూదితో బెజ్జం చేసి, చుక్కచుక్కగా అరగంటకి పైగా పడనివ్వండి. గబుక్కున పోస్తే తొట్టె అందుకోలేక తక్కువ చూపిస్తుంది. యాప్‌లో 9 నుంచి 11 మధ్య వస్తే సంతోషించండి.

గాలి వేగం సంగతి ఒక్క మాటలో తేల్చేస్తాను. దాన్ని ప్రమాణంగా కొలిచేది ఖాళీ స్థలంలో 10 మీటర్ల ఎత్తున. నాలుగు వైపులా అపార్ట్‌మెంట్లున్న వీధిలో మీ అంకె మీ వీధి వరకే. ఎన్ అని ఉన్న వైపుని ఫోన్ దిక్సూచి చూసి ఉత్తరానికి తిప్పి వదిలేయండి.

వాన అంకె చదవడం

పేపర్లో సెంటీమీటర్లు రాస్తారు, స్టేషన్ మిల్లీమీటర్లు చూపిస్తుంది. పదితో భాగించడమే. ఇంకో తిరకాసు ఉంది. వాతావరణ శాఖ ఉదయం 8:30 నుంచి మర్నాడు 8:30 వరకు ఒక రోజుగా లెక్కేస్తుంది. మీ యాప్ అర్ధరాత్రికి సున్నా చేస్తుంది. రాత్రి పది నుంచి తెల్లవారుజామున మూడింటి దాకా కురిసిన వాన మీ దగ్గర రెండు రోజులకి చీలిపోతుంది, వాళ్ల దగ్గర ఒక్కరోజు కిందే ఉంటుంది. పోల్చేముందు ఇది సరిచూసుకోండి.

24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు దాటితే భారీ వర్షం, 115.6 నుంచి అతి భారీ, 204.5 నుంచి అత్యంత భారీ. 2000 ఆగస్టు 24న బేగంపేటలో నమోదైంది 24 సెంటీమీటర్లు, అంటే మీ స్టేషన్ భాషలో 240.

ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన అంటే ఒక లీటరు నీళ్లు. 100 గజాల డాబా మీద 10 మిల్లీమీటర్లు కురిస్తే 830 లీటర్ల పైమాటే. ఇంకుడు గుంత ఎంత తవ్వాలని మేస్త్రీతో వాదన వచ్చినప్పుడు నాకు బాగా పనికొచ్చిన లెక్క ఇది.

పీడనం: రోజూ సాయంత్రం నాలుగింటికి వాన బొమ్మ ఎందుకొస్తుంది

స్టేషన్ పెట్టుకున్న ప్రతివాళ్లూ అడిగేది ఇదే. డిస్‌ప్లేలో మబ్బు బొమ్మ, దాని కింద చినుకులు. బయట చూస్తే మండే ఎండ.

ఆ బొమ్మ చాలా మోడల్స్‌లో ఇంటర్నెట్ నుంచి రాదు. గాలి పీడనం తగ్గుతోందా పెరుగుతోందా అని చూసి పెట్టెలోనే తయారవుతుంది. చల్లటి దేశాల్లో పీడనం తగ్గడం అంటే వాన రాబోతోందని అర్థం. మన దగ్గర మాత్రం వాతావరణం ఎలా ఉన్నా పీడనం రోజుకి రెండుసార్లు అలలా లేచి పడుతుంది. ఉదయం పదింటికీ రాత్రి పదింటికీ ఎక్కువ, తెల్లవారుజామున నాలుగింటికీ సాయంత్రం నాలుగింటికీ తక్కువ. పగటి పూట ఆ తేడా మూడు నాలుగు హెక్టోపాస్కల్స్ ఉంటుంది. ఆ తగ్గుదల చూసి పెట్టె కంగారు పడుతుంది. మీరు చేయాల్సిందల్లా ఇవాళ నాలుగింటి అంకెని నిన్న నాలుగింటి అంకెతో పోల్చడం. రోజురోజుకీ అదే వేళకి తగ్గుతూ వస్తోందంటే బంగాళాఖాతంలో ఏదో ఉందేమో వార్తలు చూడండి. విశాఖలోనో మచిలీపట్నంలోనో ఉన్నవాళ్లకి ఇది ఇంకా పనికొచ్చే అలవాటు. అయినా తుపాను విషయంలో డాబా మీది స్టేషన్‌ని నమ్ముకుని కూర్చోకూడదు, వాతావరణ శాఖ హెచ్చరిక ఏం చెబితే అది చేయాలి.

హైదరాబాద్ సముద్రమట్టానికి 540 మీటర్ల దాకా ఎత్తులో ఉంది, అందుకని సెన్సర్ నేరుగా కొలిస్తే 950 దగ్గర వస్తుంది. దాన్ని చూసి పాడైందనుకోకండి. యాప్‌లో రిలేటివ్ అనే చోట సముద్రమట్టం లెక్కకి మార్చుకోవాలి. ప్రశాంతంగా ఉన్న రోజున శంషాబాద్ విమానాశ్రయం పీడనం ఇంటర్నెట్‌లో చూసి అదే అంకె అక్కడ పెట్టేయండి. విజయవాడలో ఈ తేడా రెండు మూడు హెక్టోపాస్కల్స్‌కి మించదు.

తేమ శాతం వదిలేసి డ్యూ పాయింట్ చూడండి

డిసెంబర్ ఉదయం 16 డిగ్రీల చలిలో తేమ 85 శాతం ఉంటుంది, ఎవరికీ చెమట పట్టదు. మే మధ్యాహ్నం విజయవాడలో 38 డిగ్రీల దగ్గర తేమ 55 శాతమే, ప్రాణం పోతున్నట్టుంటుంది. శాతం ఇలా తప్పుదోవ పట్టిస్తుంది. డ్యూ పాయింట్ అంటే గాలిని చల్లబరుస్తూ పోతే ఎన్ని డిగ్రీల దగ్గర అందులోని తేమ నీటి చుక్కలుగా మారుతుందో ఆ అంకె. అది చూస్తే మొదటిది 13 డిగ్రీల పైన, రెండోది 27 పైన. నా లెక్కలో 20 లోపు హాయి, 24 దాటితే ఉక్కపోత.

కూలర్ పనిచేస్తుందా లేదా అన్నది కూడా ఇక్కడే తెలిసిపోతుంది. గాలి పొడిగా ఉంటేనే కూలర్‌లో నీళ్లు ఆవిరై చల్లబరుస్తాయి. ఏప్రిల్లో హైదరాబాద్‌లో 40 డిగ్రీలకి తేమ 20 శాతం ఉంటే కూలర్ రాజ్యం. అదే వేడికి తేమ 50 ఉంటే అది చెమట పెంచే యంత్రం. అలాంటి రోజున కూలర్ ఆపేసి ఫ్యాన్ వేసుకోండి.

ఇంట్లో గాలి మీటరు

మనుషులు కూర్చున్నప్పుడు ముక్కు ఉండే ఎత్తులో, కిటికీకీ పొయ్యికీ ఏసీ గాలికీ నేరుగా ఎదురుపడకుండా పెట్టండి. దేవుడి మందిరం పక్కన వద్దు. ఒక వారం పాటు ఏమీ మార్చకుండా ఊరికే చూడండి, ఏ వేళకి ఎంత పెరిగిందో, అప్పుడు ఇంట్లో ఏం జరుగుతోందో రాసుకోండి. అగరబత్తి, సాంబ్రాణి, దోమల కాయిల్, ఎండు మిరపకాయల పోపు, చపాతీ మాడిన పెనం, ఒక్కోదానికీ గ్రాఫ్‌లో ఒక్కో ఎత్తున కొండ కనిపిస్తుంది. నా మటుకు నాకు ఆశ్చర్యం కలిగించింది దోమల కాయిల్. పోపు కొండ ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేస్తే కాసేపట్లో దిగిపోయింది, కాయిల్‌ది రాత్రంతా దిగలేదు. ఆ వారమే కిటికీలకి దోమల మెష్ కొట్టించాను.

ఇక ఏక్యూఐ, అంటే గాలి నాణ్యత సూచీ. ఇక్కడ చాలామంది పొరబడతారు. అదే గాలికి ఒక్కో దేశం ఒక్కో అంకె ఇస్తుంది. ఘనపు మీటరుకి 55 మైక్రోగ్రాముల పీఎం 2.5 ఉంటే అమెరికా లెక్కలో ఏక్యూఐ 150 దగ్గర, మన లెక్కలో 92. మనం 51 నుంచి 100 దాకా సంతృప్తికరం అంటాం, వాళ్లు 150ని సున్నితమైన ఆరోగ్యం ఉన్నవాళ్లకి మంచిది కాదంటారు. చాలా మీటర్లు అమెరికా లెక్కే చూపిస్తాయి. అందుకే ఏక్యూఐ తీసేసి మైక్రోగ్రాములు పెట్టుకోండి. మన దేశంలో పీఎం 2.5కి 24 గంటల సగటు పరిమితి 60. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించింది 15. ఈ రెండిటి మధ్య మీరెక్కడున్నారో చూసుకోవచ్చు. అన్నీ రోజు సగటుకి పెట్టిన పరిమితులే కాబట్టి, హారతి ఇచ్చినప్పుడు పది నిమిషాలు 300 చూపిస్తే టెన్షన్ పడక్కర్లేదు. రోజు సగటు చూడండి.

బయటి అంకెని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వాళ్ల సమీర్ యాప్‌లో దగ్గర్లోని ప్రభుత్వ స్టేషన్‌తో పోల్చండి. హైదరాబాద్‌లో సనత్‌నగర్, జూపార్క్, సెంట్రల్ యూనివర్సిటీ, పటాన్‌చెరు ఇక్రిశాట్, బొల్లారం, పాశమైలారం లాంటి చోట్ల ఉన్నాయి. అంకె సరిగ్గా కలవాలని చూడకండి, రెండూ కలిసి పెరిగి కలిసి తగ్గుతున్నాయా అన్నదే చూడండి. పొగమంచు ఉన్న ఉదయం, వాన ఆగిన వెంటనే, తేమ 80 శాతం దాటిన వేళల్లో మీ మీటరు ఎక్కువ చూపిస్తుంది. ధూళి కణాలు తేమ పీల్చి ఉబ్బుతాయి, లేజర్‌కి లావుగా కనిపిస్తాయి. ప్రభుత్వ స్టేషన్లలో గాలిని వేడిచేసి తేమ తగ్గించాక కొలుస్తారు.

చలికాలంలో మన నగరాల్లో గాలి బాగా చెడేది రాత్రి, తెల్లవారుజాము. చల్లటి గాలి నేలకి అంటుకుని ఉండి పొగని పైకి పోనివ్వదు. ఎండ ఎక్కాక పైకి కలిసిపోతుంది. డిసెంబర్, జనవరిల్లో కిటికీలు తెరవడానికి మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు మంచి వేళ. తెల్లవారుజామున ఐదింటికి వాకింగ్‌కి వెళ్లే పెద్దవాళ్లుంటే వారం రోజుల గ్రాఫ్ చూపించండి, మాటలతో చెబితే వినరు.

పడకగదిలో సీఓ2

బయటి గాలిలో సీఓ2 420 పీపీఎం పైచిలుకు, అంటే పది లక్షల వంతుల గాలిలో 420 వంతులు. గదిలో 1000 లోపు ఉంటే గాలి ఆడుతున్నట్టు. తలుపులు బిగించి ఏసీ వేసుకుని ముగ్గురు పడుకుంటే తెల్లారేసరికి 2000 దాటడం మామూలే. స్ప్లిట్ ఏసీ బయటి గాలిని తేదు, గదిలో గాలినే తిప్పి తిప్పి చల్లబరుస్తుంది. పొద్దున్న లేవగానే తల బరువుగా ఉందంటే ఒకసారి ఆ అంకె చూడండి. కిటికీ తెరిస్తే బయటి ధూళి వస్తుంది, మూస్తే సీఓ2 పెరుగుతుంది. నాకు కుదిరిన మధ్యేమార్గం హాలు వైపు తలుపు జానెడు తెరిచి ఉంచడం. కరెంటు బిల్లు కొంచెం పెరిగింది, పొద్దున అంకె 1200 దగ్గర ఆగింది.

చాలా సీఓ2 సెన్సర్లు వారంలో తాము చూసిన అతి తక్కువ అంకెని బయటి గాలిగా భావించి తమని తాము సరిదిద్దుకుంటాయి. ఎప్పుడూ మూసి ఉన్న గదిలో వదిలేస్తే వాటి లెక్క తప్పుతుంది. వారానికొకసారి అరగంట బాల్కనీలో, నీడలో పెట్టండి.

అలర్టులు, శుభ్రం

అలర్టులు రెండు మూడు చాలు: వాన మొదలైంది, డాబా మీది బట్టలు తీయాలి. సీఓ2 1500 దాటింది. బ్యాటరీ తగ్గింది. ఇరవై పెట్టుకుంటే వారంలో అన్నీ మ్యూట్ చేసేస్తారు. ప్యూరిఫయర్‌ని స్మార్ట్ ప్లగ్‌కి పెట్టి, పీఎం 2.5 ఇంత దాటితే ఆన్ అయ్యేలా చేయొచ్చు. కానీ బటన్ నొక్కితేనే తిరిగే మోడల్ అయితే ప్లగ్ ఆన్ అయినా ఊరికే కూర్చుంటుంది, ముందు పరీక్షించండి.

మే చివర్లో, తొలకరికి ముందు, ఒకసారి నిచ్చెన వేయండి. వాన గిన్నె మూత తీస్తే ఆకులు, పావురాల రెట్ట, సాలీడు గూడు ఉంటాయి. సాలీడు దారం ఒక్కటి తొట్టెకి అడ్డంపడితే జులై అంతా సున్నా చూపిస్తుంది. నీళ్లతో, మెత్తటి బ్రష్‌తో కడగండి, నూనె వేయకండి. సోలార్ పలక తుడవండి. గాలి మీటరు బెజ్జాల్లో దుమ్ముని బ్లోయర్‌తో ఊదండి. దాని లేజర్ నిరంతరం వెలిగితే కొన్నేళ్లే వస్తుంది, పది నిమిషాలకొకసారి కొలిచే సెట్టింగ్ ఉంటే అది పెట్టండి.

కోతులున్న ఊరైతే పైపుని క్లాంపులతో గోడకి బిగించి, గాలి కప్పులు ఒక జత అదనంగా కొని ఇంట్లో ఉంచుకోండి. తిరిగేది ఏదైనా వాటికి ఆటవస్తువే.